నాలుగు కిటికీలు తక్కువ

పగలు పళ్ళ సెట్లు చేస్తాను
గుంతకల్లు స్టేషన్ రోడ్డులో, మెట్ల కింది గదిలో.
రాత్రి తొమ్మిది దాటినాక
మైనమూ పింక్ పౌడరూ సగం సగం నవ్వులూ పక్కకు జరిపి
బల్ల మీదికి రైలుపెట్టెను దించుతాను.

బెంగళూరు ఆదివారం సంతలో దొరికింది.
ఏ దేశపు పిల్లోడు విసుగొచ్చి పారేసిందో,
ఎత్తితే శనక్కాయ పొట్టంత తేలిక.
ప్లాస్టిక్ చక్రాలు, ప్లాస్టిక్ కొక్కెం.
తలుపు ఉండాల్సిన చోట తలుపు బొమ్మ.

మా మీటరు గేజి నా బల్ల మీద
నలభై అయిదు మిల్లీమీటర్లు.
ఆ లెక్కన మనిషంటే
నిలబెట్టిన నాలుగు వేళ్ళ ఎత్తు.

మొదట చక్రాలు.
లేతు మిషన్ ఓబులపతిని నెల్లాళ్ళు బతిమాలి
ఇనుపవి తిప్పించినాను.
నేల కింద సైకిల్ బేరింగు గుండ్లు పోసి అతికించినాను.
అప్పుడొచ్చింది పెట్టెకు నడక.
పట్టా అతుకు కాడ ఒక్క క్షణం ఆగి, తల ఊపి,
ముందుకు పోవడం.

పళ్ళ క్లిప్పులు వంచే స్టీలు తీగ
తలుపు పక్క కడ్డీ అయింది.
పాత ఎక్స్‌రే ఫిలిం, గరుకు కాగితంతో రుద్దితే
కక్కూసు కిటికీకి మసకద్దం.
(ఎవరి దవడో అందులో ఇంకా లీలగా ఉంది.)
ఐస్‌పుల్లలు టీ డికాషన్లో నాని చెక్క బెంచీలైనాయి.
చైను లాగే పిడి, చిగుళ్ళ రంగు ముక్క,
చీమ తలంత.
దాన్ని మూడుసార్లు పోగొట్టుకున్నాను,
మూడోసారి నా చొక్కా జేబులోనే దొరికింది.

పొడవు మాత్రం కుదరలేదు.
నాలుగు కిటికీలు ఎగరగొట్టినాను.
ఎవరు లెక్కపెడతారులే అనుకొని
పక్కన తెల్లరంగుతో రాసుకున్నాను:
కూర్చొనుటకు 72.

లెక్కపెట్టినాడు హుసేనప్ప.
క్యారేజీ షెడ్డులో ముప్పై ఏండ్లు అక్షరాలు రాసిన చెయ్యి,
పళ్ళ కొలతకని వచ్చి, నోట్లో మైనం పెట్టుకొనే
బల్ల వైపు చూపుడు వేలు చాపినాడు.
మైనం తీసినాక మాట వచ్చింది:
"యాడప్పా తక్కిన నాలుగు కిటికీలు?"
బల్ల చాలలేదన్నాను.
"కిటికీకి ఎనిమిది మంది.
ముప్పై రెండు మందిని దించేసినావు,
డెబ్బై రెండని రాసినావు.
బోర్డు మీద అబద్ధం రాయకూడదబ్బీ."

నీకు కట్టే సెట్టులో కూడా
నాలుగు తక్కువే హుసేనప్పా,
జ్ఞానదంతాలు మేము పెట్టం, అన్నాను.
బోసినోటితో ఎంత నవ్వినాడో,
నవ్వి, కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

72 గీకేసి, ఒంటి వెంట్రుక బ్రష్షుతో
ఊపిరి బిగబట్టి 40 వేసినాడు.
సున్నా కోడిగుడ్డు లెక్క, కొంచెం పక్కకు వాలి.
షెడ్డులో కూడా ఆయన సున్నా అట్లే వాలేదంట.

"ఇంత కొత్త పెట్టె నేను యాడా చూళ్ళే"
అని గడప మీది దుమ్ము చిటికెడు తీసి
చక్రాల పైన, మెట్ల పైన అద్దినాడు.
గుంతకల్లులో దుమ్ము కొనే పని లేదు.
కడ్డీ మీద మాత్రం బొటనవేలితో రుద్ది రుద్ది
రంగు పోగొట్టినాడు, నడిమిట్లో, ఒక్కచోటే.
"అందరూ ఈడ్నే పట్టుకుంటారు."

ట్రయలుకు శుక్రవారం రమ్మన్నాను.

ఆయన పోయినాక వేలితో నెట్టినాను.
అతుకు కాడ తల ఊపింది,
బల్ల చివరిదాకా పోయి నిలబడింది.
అక్కడ పారిస్ ప్లాస్టరు దవడలు
వరసగా, నోళ్ళు తెరుచుకొని.
బండి దాటిపోయినాక ప్లాట్‌ఫారం మీద
మనుషులు అట్లే ఉంటారు.

ఆదివారం మళ్ళా బెంగళూరు పోవల్ల.
ఇంకొక పెట్టె వెతకల్ల.
ముప్పై రెండు మంది నిలబడుండారు.